ఓడ ఆగే చిన్న ఊళ్లలో సాహస యాత్రలు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ప్రయాణ ఏర్పాట్లు చేయడం మా వృత్తి. ఈమధ్య ఆ ప్రయాణాల్లో సియాటిల్ నుంచి బయలుదేరే అలాస్కా క్రూయిజ్ కూడా తరచుగా చేరుతోంది. ఓడ టికెట్టు విషయంలో పెద్దగా సందేహాలు రావు గానీ, స్కాగ్వే, కెచికాన్ వంటి రేవుల్లో దిగినప్పుడు ఏ యాత్రకు వెళ్లాలో తేల్చుకునే దగ్గర తప్పుడు అంచనాలు మొదలవుతాయి. వాటిలో చాలావరకు ఆ ఊళ్లు ఎంత చిన్నవో తెలియకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ముందుగా బుక్ చేయనక్కరలేదు, దిగాక బేరమాడితే చవకగా దొరుకుతుంది.

వాస్తవం: స్కాగ్వేలో స్థిరనివాసులు సుమారు 1,200 మంది. వేసవిలో రద్దీ రోజున నాలుగైదు ఓడలు వచ్చి పది వేల మందికి పైగా యాత్రికులను దింపుతాయి. అక్కడున్న హెలికాప్టర్లు, పడవలు, బస్సులు మాత్రం ఆ రోజుకని పెరగవు. విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో పనికొచ్చే బేరం అక్కడ పనికిరాదు. ఆఖరి నిమిషంలో మిగిలేవి సాధారణంగా ఎవరూ కోరని వేళలే.

అపోహ: ఓడ సంస్థ దగ్గర కొనడం డబ్బు దండగ, అదే యాత్ర బయట తక్కువకు వస్తుంది.

వాస్తవం: ధర తక్కువన్నది చాలాసార్లు నిజమే. అయితే ఓడ సంస్థ అమ్మిన యాత్ర ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యతను ఆ సంస్థే తీసుకుంటుంది. బయట కొన్న యాత్ర ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు, ఆ తర్వాతి ఖర్చంతా మీదే. స్కాగ్వే నుంచి బయటికి పోయే రహదారి ఒక్కటే, అది కెనడాలోకి వెళుతుంది. కాబట్టి ఓడ తప్పినవారు టాక్సీలో తర్వాతి రేవుకు చేరుకుందామనుకోవడం కుదరదు. ఓడ ఏదైనా కారణంతో ఆ రేవులో ఆగకుండా వెళ్లిపోతే, ఓడ ద్వారా కొన్న యాత్ర డబ్బు తిరిగి వస్తుంది, బయట కొన్నదానికి వారి వారి నిబంధనలు వర్తిస్తాయి. నా సలహా ఏమిటంటే, ఊరి పరిసరాల్లో ముగిసేవాటిని బయట కొనుక్కోవచ్చు; పడవ ఎక్కి పక్క ఊరు హెయిన్స్‌కు వెళ్లి, అక్కడ బస్సు మారి, మళ్లీ రాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) ఎక్కే తరహా యాత్రలను ఓడ ద్వారానే తీసుకోవాలి. ఏది తీసుకున్నా ఓడలోకి తిరిగి చేరవలసిన గడువు నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. ఆ గడువు ఓడ బయలుదేరడానికి కనీసం అరగంట ముందే ఉంటుంది. పైగా అలాస్కా సమయం సియాటిల్ కంటే గంట వెనక ఉంటుంది కనుక, ఫోన్‌ను కాకుండా ఓడలో ప్రకటించిన సమయాన్నే నమ్మాలి.

అపోహ: సాహస యాత్రలు కుర్రవాళ్లకే, పెద్దవారు ఓడలోనే కూర్చోవాలి.

వాస్తవం: పేరును బట్టి కష్టాన్ని అంచనా వేయడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. రాఫ్టింగ్ అనగానే భయపడతారు గానీ, హెయిన్స్ దగ్గర చిల్కాట్ నదిలో జరిగే యాత్ర సుడులూ నురగలూ లేని నెమ్మదైన ప్రవాహంలో సాగుతుంది. నడక అనగానే తేలికనుకుంటారు. స్కాగ్వే పక్కనే ఉన్న లోయర్ డ్యూయీ సరస్సు బాట తక్కువ దూరంలోనే సుమారు 150 మీటర్ల ఎత్తు ఎక్కిస్తుంది. మోకాళ్ల నొప్పితో ఇంద్రకీలాద్రి మెట్లు మానేసి ఘాట్ రోడ్డు బస్సులో వెళ్లేవారు ఆ బాట జోలికి పోకూడదు. వారికి స్కాగ్వే నుంచి కొండ మీదికి వెళ్లే వైట్ పాస్ రైలు సరిపోతుంది. బంగారం వేట రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన ఆ నారోగేజి మార్గం దాదాపు 32 కిలోమీటర్లలో 870 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. హెలికాప్టర్, నీటి మీద దిగే విమానం ఎంచుకుంటే బరువు నిజం చెప్పాలి, ఎందుకంటే ఎక్కే ముందు తూస్తారు. 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కిలోలు దాటితే చాలా సంస్థలు అదనపు రుసుం తీసుకుంటాయి.

అపోహ: అమెరికా వీసా ఉంటే చాలు.

వాస్తవం: స్కాగ్వే నుంచి కెనడాలోని ఫ్రేజర్, కార్‌క్రాస్ వైపు వెళ్లే యాత్రలు సరిహద్దు దాటుతాయి, కాబట్టి భారతీయ పాస్‌పోర్టు ఉన్న సందర్శకులకు కెనడా వీసా తప్పనిసరి. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో కూడా ఆగుతాయి కనుక ఆ వీసా సంగతిని ఓడ బుక్ చేసే ముందే చూసుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకు కెనడా వీసా అక్కరలేదు. తమను అడగలేదు కదా అని అమ్మానాన్నలనూ అడగరని వారు అనుకోవడం మేము తరచుగా చూసే పొరపాటు.

అపోహ: వాన పడితే యాత్ర రద్దవుతుంది.

వాస్తవం: కెచికాన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది, విజయవాడలో సుమారు 1,000. వానకు ఆపితే అక్కడ ఏ యాత్రా జరగదు. పొగమంచు, గాలి వల్లనే విమానాలు, హెలికాప్టర్లు ఆగుతాయి, నిర్వాహకులు రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుంది. తడుస్తామని మీరే మానుకుంటే రాదు. స్కాగ్వేలో మాత్రం వాన విజయవాడ కంటే తక్కువ.

అపోహ: ఈత వచ్చినవారికి లైఫ్ జాకెట్ నామమాత్రమే.

వాస్తవం: 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా మరణించిన సంగతి ఇక్కడివారికి తెలిసినదే. అలాస్కా నీటిలో ప్రమాదం మరింత త్వరగా ముంచుకొస్తుంది. హిమానీనదాల నీరు తగలగానే ఊపిరి అదుపు తప్పుతుంది, సుమారు పది నిమిషాల్లో చేతులూ కాళ్లూ మాట వినవు. ఎంత బాగా ఈత వచ్చినా అప్పుడు తేల్చి ఉంచేది జాకెట్టే. నూలు బట్టలు తడిస్తే వెచ్చదనం పోతుంది కనుక ఉన్ని లేదా ఫ్లీస్, పైన వాన కోటు వేసుకోవాలి.

అపోహ: బ్రోచర్‌లో ఉన్న జంతువు తప్పక కనిపిస్తుంది.

వాస్తవం: ఎలుగుబంట్లు వాగుల దగ్గర చేరేది సాల్మన్ చేపలు ఎదురెక్కే రోజుల్లో, అంటే ముఖ్యంగా జూలై చివరి నుంచి సెప్టెంబర్ వరకు. చిల్కాట్‌లో తెల్లటి తల ఉండే బాల్డ్ ఈగిల్ గద్దలు వేల సంఖ్యలో చేరేది అక్టోబర్ తర్వాత, అప్పటికి ఓడలు దాదాపు ఆగిపోతాయి.

అపోహ: ప్రయాణ బీమా తీసుకున్నాం కాబట్టి ఏదైనా అదే చూసుకుంటుంది.

వాస్తవం: చాలా పాలసీలు సాహస క్రీడలను, ముందు నుంచి ఉన్న జబ్బులను మినహాయిస్తాయి. స్కాగ్వేలో క్లినిక్ ఉంది, ఆసుపత్రి లేదు. పెద్ద అవసరం వస్తే విమానంలో తరలించాలి. అందుకే మా దగ్గరికి వచ్చేవారిని, యాత్ర డబ్బు కట్టే ముందే, ఆ తరలింపు ఖర్చు పాలసీలో ఉందో లేదో కాగితం మీద చూపించమని అడుగుతాము.