చెవి వెనక తేనెపట్టు

"మూడేళ్ల పాపకి ఒక చెవిలో పోటు. జ్వరం పెద్దగా లేదు. డాక్టరు యాంటీబయాటిక్ రాయకుండా నొప్పి మందు ఇచ్చి రెండు రోజులు చూడమన్నారు. చీము మెదడుకి ఎక్కితే?" అని ఒక తల్లి అడిగారు. ఈ టెన్షన్ ఉత్తది కాదు.

చెవి డొప్ప వెనక తడిమితే గట్టి ఎముక తగులుతుంది. దాని పేరు మాస్టాయిడ్. పైకి రాయిలా ఉన్నా లోపలంతా తేనెపట్టే! గాలి నిండిన చిన్న చిన్న అరలు, ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి దారులు. మధ్యచెవి నుంచి ఈ పట్టులోకి సన్నని ద్వారం ఉంటుంది. బళ్లో చెవి బొమ్మ వేయించేటప్పుడు మూడు బుల్లి ఎముకలు నేర్పుతాం గానీ ఈ ద్వారం ఊసే ఎత్తం. కథంతా అక్కడే ఉంది. మధ్యచెవిలో చీము పడితే అరల్లోకీ కొంత చేరుతుంది, మామూలుగా మెల్లగా ఇంకిపోతుంది. వాపుతో ద్వారం మూసుకుపోతే మాత్రం చీము లోపలే చిక్కుకుని ఒత్తిడి పెరుగుతుంది. కాగితంలాంటి అరల గోడలు కరిగి అంతా ఒకే చీముగుంత అవుతుంది. అది బయటికి తోసుకొస్తే చెవి వెనక వాపు. లోపలికి తొలుచుకుపోతే, పలచని ఎముకకి అవతలే మెదడు పొరలు, మెదడు నుంచి రక్తం దింపే సిగ్మాయిడ్ సిర.

ఇది అరుదు కాబట్టి ఒక్క డాక్టరు అనుభవంతో తేలదు, లక్షల పిల్లల్ని లెక్కపెట్టాలి. బ్రిటన్‌లో 1990–2006 మధ్య 26 లక్షల పిల్లల రికార్డులు తిరగేశారు. మాస్టాయిడ్‌లో చీము పట్టినవాళ్లు 854 మంది. చెవిపోటు వచ్చిన ప్రతి 10,000 సార్లకి యాంటీబయాటిక్ వాడితే సుమారు 2, వాడకపోతే 4 కేసులు. అంటే ఒక్క కేసు ఆపాలంటే దాదాపు 4,800 సార్లు మందు వాడాలి. ఇంకో సంగతి నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది: ఆ 854 మందిలో మూడింట రెండొంతుల మందికి అంతకుముందు చెవి జబ్బుతో డాక్టరుకి చూపించిన దాఖలాయే లేదు. వాళ్ల విషయంలో మందు రాయడం, మానడం అన్న ప్రశ్నే రాలేదు.

ఈ వేచి చూడటం అందరికీ కాదు. ఆరు నెలల లోపు పసివాళ్లకి, రెండు చెవులూ పట్టిన రెండేళ్ల లోపు వాళ్లకి, జ్వరం బాగా ఉన్నవాళ్లకి మందు వెంటనే మొదలుపెడతారు. వెల్లుల్లి కాచిన నూనె మాత్రం ఎవరికీ పోయకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అది నేరుగా మధ్యచెవిలోకే దిగుతుంది.

అమ్మా, ఈ రెండు రోజులూ పాప తల వెనక నుంచి రెండు చెవులూ పోల్చి చూడండి. ఒక డొప్ప ముందుకి, కిందికి జరిగినా, దాని వెనక మడత పూడిపోయి ఎర్రబడినా, మూతి వంకర పోయినా, మెడ బిగుసుకున్నా, పాప మత్తుగా పడి ఉన్నా, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.