చలిలో పరుగు: స్వెట్టర్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

డిసెంబరులో తెల్లవారుజామున గచ్చిబౌలి వైపు పరుగుకొచ్చేవాళ్లను చూస్తే ఊటీ టూరు బస్సు దిగినట్టుంటారు. స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాపు. రెండో కిలోమీటరుకల్లా స్వెట్టరు నడుముకు, టోపీ చేతిలోకి. రన్నింగ్ కోచ్‌గా ఏటా ఇదే చూస్తున్నాను.

అపోహ: గేటు దాటగానే చలి వేయకూడదు.

వాస్తవం: గేటు దగ్గరే వెచ్చగా ఉంటే ఎక్కువ వేసుకున్నట్టే. పరుగులో ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. అందుకే బయటి ఉష్ణోగ్రతకు ఓ పది డిగ్రీలు కలిపి లెక్కేసుకోమంటాను. 14 ఉంటే 24 అనుకోండి, పొట్టి చేతుల టీషర్టు చాలు. పటాన్‌చెరు, సెంట్రల్ యూనివర్సిటీ వైపు 10 కన్నా తగ్గిన రోజున పొడుగు చేతులది వేసుకోండి. మొదటి ఐదు నిమిషాలు వణుకుతారు. వణకనివ్వండి.

అపోహ: ఏ కాలమైనా ఒంటికి నూలు బట్టే మంచిది.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని లంబసింగిలో జాకెట్ కింద కాటన్ బనీనుతో ఘాట్ ఎక్కాను. పరుగెత్తినంతసేపూ ఏమీ తెలియలేదు. పైన టీ కోసం ఆగాను, అంతే. గ్లాసు చేతిలో ఉండగానే పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. బనీను విప్పి పిండితే నీళ్లు కారాయి. నూలు చెమటను పీల్చి వదలదు. నీరేమో గాలికన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు వేసుకోండి. పొడి టీషర్టు ఇంకొకటి సంచిలో ఉంచుకోండి, ఆగగానే మార్చుకోవాలి. మెరీనో ఉన్ని తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది గానీ, మన చలికి అంత ఖర్చు దండగ.

అపోహ: జర్కిన్ తొడుక్కుని చెమటలు కారిస్తే కొవ్వు కరుగుతుంది.

వాస్తవం: పోయేది నీరు. మంచినీళ్లు తాగగానే తూకం మళ్లీ మొదటికే. ప్లాస్టిక్ సూట్లయితే చలికాలంలోనూ ఒళ్లు వేడెక్కి కళ్లు తిరుగుతాయి.

అపోహ: ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుంది.

వాస్తవం: పెద్దవాళ్లలో తల వాటా ఒంట్లో పదో వంతు లోపే, పోయే వేడి కూడా ఇంచుమించు అంతే. "చెవుల్లో గాలి దూరుతుందిరా" అనే అమ్మ మాట కొట్టేయలేం కాబట్టి చెవులు కప్పే పల్చటి బ్యాండ్ పెట్టుకోండి.

అపోహ: రెండు జతల సాక్సులు తొడిగితే కాళ్లు వెచ్చగా ఉంటాయి.

వాస్తవం: ఇది చికాగో వెళ్లిన మా శిష్యుడి అనుమానం. షూ బిగుసుకుంటే రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా మొద్దుబారతాయి. అక్కడ గాలే అసలు శత్రువు. మైనస్ 18 డిగ్రీల్లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే మైనస్ 28లా తగులుతుంది. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. అందుకే పైన గాలి ఆపే పల్చటి జాకెట్, చేతులకు వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్లు వేసుకోమన్నాను. వెళ్లేటప్పుడు ఎదురుగాలిలో వెళ్లి, చెమట పట్టాక గాలిని వీపున వేసుకుని తిరిగి రమ్మన్నాను.