కారవాన్ చక్రానికీ బ్యాలెన్సింగ్ కావాలా?

అనకాపల్లి–ఆనందపురం ఆరు వరసల రోడ్డెక్కి 80 దాటించానో లేదో, స్టీరింగ్ చేతుల్లో గడగడా వణికింది. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో తిరిగినన్నాళ్లూ ఆ ఊసే లేదు. అంతకు ముందు ఆదివారమే వానలో అరకు వెళ్లొచ్చాం. మర్నాడు గాజువాకలో టైర్ల షాపుకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు ముందు చక్రం ఊడదీసి మెషిన్ మీద తిప్పాడు. చక్రంలో ఒకపక్క 60 గ్రాముల బరువు ఎక్కువున్నట్టు చూపించింది. రిమ్ము లోపలివైపు చూస్తే వేలెడు మందాన ఎర్రమట్టి ఎండి అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకి పారేసి మళ్లీ తిప్పితే 10కి దిగింది. "మట్టే సార్, ఇంకేం లేదు" అన్నాడు.

ఆ రాత్రే ఇంగ్లండ్ నుంచి మా బావ ఫోన్. సెకండ్ హ్యాండ్ కారవాన్ ఒకటి కొన్నాడట. మనకు కారవాన్ అంటే షూటింగ్ దగ్గర హీరోగారు సేదతీరే ఏసీ బండి. ఇది అది కాదు. దీనికి ఇంజిన్ ఉండదు. మంచం, పొయ్యి, అల్మారాలున్న చిన్న ఇంటిని కారు వెనక తగిలించి లాక్కుపోవడమే. టైర్లు మార్చినవాడు దీనికి బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానమయ్యేలా రిమ్ముకు చిన్న బరువు ముక్కలు అంటించడం, అక్కర్లేదన్నాడట. "స్టీరింగే లేదు కదా బావా, వాడన్నది నిజమేనంటావా?" అని అడిగాడు.

చిన్నప్పుడు వడిసెల తిప్పినవాళ్లకు ఈ సంగతి చేతికే తెలుసు. రాయి చిన్నదే, కానీ వేగం పెంచేకొద్దీ చెయ్యి ఊడొస్తుందేమో అన్నట్టు లాగుతుంది. చక్రంలో ఒకపక్క కాస్త బరువు ఎక్కువుంటే అదీ అంతే, తిరిగిన ప్రతిసారీ ఇరుసును తనవైపు లాగుతుంది. 14 అంగుళాల రిమ్ము అంచున 50 గ్రాములు ఎక్కువున్నాయనుకుందాం. గంటకు 85 కిలోమీటర్ల వేగంలో ఆ 50 గ్రాములు దాదాపు 6 కిలోల బరువంత బలంతో లాగుతాయి. అదీ సెకనుకు 13 సార్లు. 40లో వెళ్తే ఆ లాగుడు కిలోంబావుకి కాస్త పైన. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది మరి. అదే చక్రాన్ని ఎడ్లబండిలా గంటకు 4 కిలోమీటర్లు నడిపిస్తే లాగేది 13 గ్రాములంతే. మన తాతలెవరూ బండిచక్రానికి సీసం ముక్కలు కొట్టించకపోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

ఇంకో తిరకాసుంది. పైన స్ప్రింగు, కింద గాలి నిండిన టైరు, మధ్యలో చక్రం. ఈ రెంటి మధ్యా చక్రం ఎగిరిపడటానికి దానికంటూ ఒక లయ ఉంటుంది. మామూలు కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్లు. పైన లెక్కలో వచ్చిన 13 సరిగ్గా ఇక్కడ పడుతుంది. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ తోసినట్టన్నమాట. చాలా కార్లలో వణుకు 80, 100 మధ్య ముదిరి, ఇంకా వేగం పెంచితే తగ్గినట్టనిపించడం ఇందుకే. (తగ్గింది కదా అని తొక్కేవాళ్లున్నారు, మా తమ్ముడితో సహా. లాగే బలం తగ్గదు, పెరుగుతూనే ఉంటుంది.)

ఇంగ్లండ్‌లో కారవాన్ లాగే కారుకి మోటార్‌వే మీద పరిమితి గంటకు 60 మైళ్లు, అంటే 97 కిలోమీటర్లు. బావ రోజంతా నడిపేది సరిగ్గా ఆ వణుకు వేగాల్లోనే. పైగా చాలా కారవాన్లకు షాక్ అబ్జార్బర్లుండవు. ఇరుసు గొట్టంలో నొక్కుకునే రబ్బరే స్ప్రింగు, అదే ఊపును ఆపేదీ. కారులో ముందు చక్రం కొడితే స్టీరింగ్ చెబుతుంది, వెనక చక్రం కొడితే సీటు చెబుతుంది. కారవాన్‌లో ప్రయాణంలో మనిషే ఉండడు. దెబ్బంతా బేరింగులకీ, అల్మారా స్క్రూలకీ, గ్యాస్ పైపు బిగింపులకీ. టైరు కూడా ఒకచోట అరిగి ఒకచోట అరగక గుంటలు పడుతుంది. స్టీరింగ్ లేదు కాబట్టి అక్కర్లేదనడం నాకైతే స్పీడోమీటర్ లేదు కాబట్టి వేగం లేదన్నట్టే ఉంది.

అలాగని అన్నిటికీ ఇదే మందు కాదు. వెనక బండి పాములా అటూ ఇటూ ఊగితే అది సాధారణంగా సామాను సర్దుడు లోపం. వెనకవైపు బరువెక్కువై కొక్కెం మీద భారం చాలకపోతే అలా అవుతుంది. నెలల తరబడి ఒకేచోట నిలబెడితే నేలకానిన చోట టైరు చదునవుతుంది. దానికి ఎన్ని వెయిట్లు అంటించినా గుండ్రం కాదు.

షాపువాళ్లు తప్పించుకోవడానికి నాకు తోచే కారణం ఒకటే. కారు చక్రాన్ని మధ్య కన్నంలోంచి శంకులాంటి ముక్క దూర్చి మెషిన్‌కి బిగిస్తారు. కొన్ని కారవాన్ రిమ్ములకు ఆ కన్నం ఖచ్చితంగా నడిమధ్యన ఉండదు. వాటిని బోల్టు కన్నాలు పట్టుకునే పళ్లెంతో బిగించాలి. లేకపోతే మెషిన్ చూపే అంకె తప్పుతుంది. బావకు ఇదే చెప్పి, ఆ పళ్లెం ఉన్న షాపు వెతకమన్నాను.

పది రోజులకు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఎడమ చక్రానికి 45 గ్రాముల వెయిట్లు, కుడిదానికి 20. కింద ఇంకో ఫొటో, అల్మారా అడుగున దొరికిన నాలుగు స్క్రూలు అరచేతిలో. "ఇవి ఎక్కడివో కనుక్కుంటున్నా బావా" అని రాశాడు.