చీపురు ఎవరిదో రాయని లెక్క

వానలు మొదలై ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఏదో ఒక హాస్టల్లో కామెర్లతో పిల్లల కళ్ళు పచ్చబడితే చాలు, పాత తగువు మళ్ళీ లేస్తుంది. బడి మరుగుదొడ్డి ఎవరు కడగాలి? పిల్లల చేతిలో చీపురున్న వీడియో వాట్సాప్‌లో తిరిగితే హెడ్‌మాస్టారికి షోకాజ్ నోటీసు వస్తుంది. తల్లిదండ్రులు గేటు దగ్గర కూర్చుంటారు. నాలుగు రోజులకు జ్వరాలు తగ్గుతాయి, తగువూ సద్దుమణుగుతుంది.

1936లో ఒడిశా విడిగా ఏర్పడి ఈ తెలుగు ఊళ్ళు అందులో ఉండిపోవడం, దొడ్డి లేక ఆడపిల్లలు బడి మానేయడం పాఠకులకు తెలిసిన సంగతులే. 2014-15లో స్వచ్ఛ విద్యాలయ హడావిడి కూడా గుర్తుండే ఉంటుంది. ఏడాదిలో 2.61 లక్షల బడుల్లో 4.17 లక్షల మరుగుదొడ్లు కట్టామని కేంద్రం చెప్పింది. వాటిలో ప్రభుత్వ రంగ సంస్థలు కట్టామన్న 2,695 దొడ్లను ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ 15 రాష్ట్రాల్లో తిరిగి చూసింది. నిజంగా కట్టి ఉన్నవాటిలో 72 శాతం చోట్ల నీళ్ళు రావడం లేదు. 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే ఏర్పాటే లేదు. ఆ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకొచ్చింది.

అందరూ ఎత్తిచూపేది ఆ కట్టడాల లోపాలనే. నాకు మాత్రం అసలు మలుపు 2018లో ఉందనిపిస్తుంది. ఆ ఏడాది బడుల కోసం కేంద్రం పథకం సమగ్ర శిక్ష వచ్చి, బడికి ఇచ్చే చిల్లర నిధులన్నీ ఒకే గ్రాంటులో కలిశాయి. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు పెట్టాలని రాశారు. వినడానికి బాగానే ఉంది. ఎనభై మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు. పది శాతం అంటే 2,500. బడి నడిచే పది నెలలకు పంచితే నెలకు 250. ఫినాయిల్, సబ్బు, బ్లీచింగ్, బ్రష్షు, విరిగిన కుళాయి అన్నీ అందులోనే. కడిగే మనిషి మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేడు.

అధికారుల మాట వేరు. కనీసం పది శాతం అన్నామే గానీ అంతకంటే ఎక్కువ పెట్టొద్దనలేదు, మిగతాది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ చూసుకోవాలి అంటారు. కాగితం మీద అది నిజమే.

బడిలో జరిగేది ఇంకోటి. కడిగే మనిషి లేకపోతే ఆ పని చివరికి ఇద్దరిలో ఒకరి మీద పడుతుంది: పిల్లల మీద, లేదా వంటమనిషి మీద. మధ్యాహ్న భోజనం వండే ఆమెకు కేంద్రం లెక్క ప్రకారం గౌరవ వేతనం 2009 నుంచీ నెలకు 1,000 రూపాయలే. రాష్ట్రం పైన కొంత కలుపుతుంది. పర్లాకిమిడి దగ్గర ఒక బడిలో వండే ఆమెను అడిగితే గరిటె చేత్తో పట్టుకునే చెప్పింది: "పొద్దున్న దొడ్డి కడిగి, కాళ్ళూ చేతులూ కడుక్కొని, పప్పు పొయ్యి మీదెడతాను. ఇంకెవులు చేత్తారు బాబూ." సబ్బు ఉందా అన్నాను. మొన్న కాకి ఎత్తుకుపోయిందట. నవ్వొచ్చింది గానీ, నెలకు 250 రూపాయల బడ్జెట్లో సబ్బు పోవడం చిన్న నష్టం కాదు.

ఇక్కడే జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. హెపటైటిస్ ఎ కామెర్లు మలం అంటిన చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, తిండి ద్వారా పాకుతాయి. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక కళ్ళు పచ్చబడటానికి సుమారు నెల పడుతుంది, ఒక్కోసారి ఏడు వారాలు. పచ్చబడక ముందే ఒకటి రెండు వారాలు ఆ పిల్లవాడు మిగతావాళ్ళకు అంటిస్తూ ఉంటాడు. వైద్య బృందం వచ్చేసరికి ట్యాంకు కడిగేసి ఉంటుంది. శాంపిల్ తీస్తారు, నీళ్ళు బాగున్నాయని రిపోర్టు వస్తుంది. నెల కిందట ట్యాంకు ఎలా ఉందో, గరిటె పట్టిన చేయి ఎలా ఉందో ఆ శాంపిల్ చెప్పలేదు. 2007లో రాయగడ జిల్లా కాశీపూర్ కలరా చూసిన ప్రాంతమిది. జబ్బు అనగానే అందరి చూపూ బావి మీదికే పోతుంది, చేతుల మీదికి రాదు. కోవిడ్ అప్పుడు వచ్చిన శానిటైజర్ డబ్బాలు కూడా ఇక్కడ అంతగా పనికిరావు. ఈ వైరస్‌కు సబ్బూ పారే నీళ్ళే కావాలి.

ఆటో ఎక్కి సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే లెక్క మారుతుంది. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి రెండో విడత డబ్బుల్లోంచి తల్లికి 14,000 ఇచ్చి, 1,000 మరుగుదొడ్ల నిర్వహణ నిధిలో వేశారు. బడికి ఆయాను పెట్టి నెలకు 6,000 ఇచ్చారు. తల్లుల డబ్బు కోస్తారా అని అప్పుడు గొడవైంది. జీతాలు నెలల తరబడి ఆగాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. ప్రభుత్వం మారినా, 2025లో తల్లికి వందనం ఇచ్చినప్పుడు కూడా 15,000లో 2,000 బడి నిర్వహణకే పక్కన పెట్టారు. పర్లాకిమిడి తల్లులకు ఈ సంగతి బాగా తెలుసు, వాళ్ళ అక్కచెల్లెళ్ళ పిల్లలు అటువైపు చదువుతున్నారు. అక్కడ ఆయా ఉంటే ఇక్కడ మా పిల్లాడే చీపురు పట్టాలా అన్న ప్రశ్న అందుకే ఇంత గట్టిగా వస్తోంది.

నేను చూసిన బడిలో దొడ్లు రెండు. ఒకదానికి తాళం, తాళంచెవి ఎర్రదారంతో హెడ్‌మాస్టారి టేబుల్ సొరుగులో ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్ళ కోసం దాన్ని శుభ్రంగా ఉంచుతారట. రెండోది పిల్లలకు. మూలన బ్లీచింగ్ సంచి తేమకు గట్టిపడి రాయిలా ఉంది. ఈ ఏడాది గ్రాంటు ఇంకా ఖాతాలో పడలేదని మాస్టారు చెప్పారు. అప్పటిదాకా ఫినాయిల్ సీసా ఆయన బండి డిక్కీలో ఇంటినుంచే వస్తోంది.