అరువు తెచ్చి కోసిన నమూనాలు: డార్విన్ బార్నకిల్స్ కథ

2017లో ఆస్ట్రేలియా జీవభద్రతా అధికారులు 105 ఎండు మొక్కల నమూనాలను తగలబెట్టారు. కాగితాలు సరిగా లేవన్నది వారి కారణం. అవి ప్యారిస్ మ్యూజియం నుంచి బ్రిస్బేన్‌కు పరిశోధన కోసం అరువుగా వచ్చినవి. వాటిలో 1790ల నాటివీ ఉన్నాయి. మ్యూజియాల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత సున్నితమైన నమ్మకం మీద నడుస్తుందో ఆ మంటల్లో బయటపడింది. ఆ నమ్మకాన్ని బాగా వాడుకున్నవారిలో చార్లెస్ డార్విన్ ఒకరు.

పడవల అడుగున, రేవు స్తంభాలకు గీరినా ఊడనంత గట్టిగా అంటుకుని ఉండే తెల్లటి పెంకు జీవులే బార్నకిల్స్. వీటిని చాలాకాలం నత్తల జాతిలో కలిపేశారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ వీటి పిల్లదశను గమనించి, ఇవి రొయ్యలు, పీతల బంధువులని తేల్చాడు. డార్విన్‌కు 1835లో చిలీ తీరంలో, ఒక శంఖపు గుల్లను తొలిచి అందులో కాపురముంటున్న వింత బార్నకిల్ దొరికింది. 1846 అక్టోబరులో దాన్ని వర్ణించడానికి కూర్చున్నాడు. పోల్చి చూడటానికి మరికొన్ని కావాలనుకున్నాడు. ఆ 'మరికొన్ని' ఎనిమిదేళ్లు పట్టింది.

బార్నకిల్స్ వర్గీకరణ మొత్తాన్నీ తిరగరాయమని డార్విన్‌ను ప్రోత్సహించింది బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాఖ చూసే జాన్ ఎడ్వర్డ్ గ్రే. మ్యూజియం ధర్మకర్తల అనుమతితో అక్కడి నమూనాలు కెంట్‌లోని డౌన్ గ్రామానికి, డార్విన్ ఇంటికే వచ్చాయి. చిక్కేమిటంటే, పైపెంకు చూసి బార్నకిల్ జాతిని చెప్పడం కష్టం. పెంకులు విడదీయాలి, లోపలి శరీరాన్ని కోయాలి. అరువు తెచ్చిన వస్తువును పాడుచేయడానికే అనుమతి అడగాలన్నమాట! అయినా ఇచ్చారు. అలాగని అంతా సాఫీగా సాగలేదు. కొన్ని ముఖ్యమైన జాతుల వర్ణనలను గ్రే తానే ముందుగా అచ్చువేయబోతే, 1848 డిసెంబరులో డార్విన్ నొచ్చుకుని ఉత్తరం రాశాడు. గ్రే వెనక్కి తగ్గాడు.

ప్రసిద్ధ గవ్వల సేకరణకర్త హ్యూ కమింగ్ తన నిధిని తెరిచాడు. అందులోని ఒక ఆడ బార్నకిల్‌ను కోస్తే, దాని శరీరానికి అంటుకుని సూదిమొనంత మగజీవులు కనిపించాయి. ఉభయలింగ జీవుల గుంపులో విడివిడి మగ, ఆడ! ఆ జాతికి డార్విన్ 'ఇబ్లా కమింగి' అని పేరు పెట్టాడు. అరువిచ్చినవాడికి ఇంతకన్నా మంచి వడ్డీ ఏముంటుంది?

బీగిల్ ఓడలో తనకు సేవకుడిగా ఉండి, తర్వాత ఆస్ట్రేలియాలో స్థిరపడిన సిమ్స్ కోవింగ్టన్‌ను కూడా డార్విన్ వదల్లేదు. చెవుడు వచ్చిన కోవింగ్టన్‌కు 1843లోనే వినికిడి గొట్టం పంపి ఉన్నాడు. కోవింగ్టన్ ఆస్ట్రేలియా తీరపు బార్నకిల్స్ పెట్టెకెత్తి పంపాడు. శాస్త్రవేత్తలు పంపిన వాటికన్నా నాకు ఈ పెట్టే ఎక్కువ నచ్చుతుంది.

నాలుగు సంపుటాలు 1851, 1854 మధ్య అచ్చయ్యాయి. 1853లో డార్విన్‌కు రాయల్ సొసైటీ ఇచ్చే రాయల్ మెడల్ వచ్చింది. అప్పటికే డార్విన్ బార్నకిల్స్ అంటే విసిగిపోయి, తనంతగా వాటిని ద్వేషించినవాడు లేడని మిత్రుడు ఫాక్స్‌కు రాసేశాడు.

పని ముగిశాక అరువులు తిరిగి పంపడం మరో పెద్ద పని. కోపెన్‌హేగన్‌లోని జంతుశాస్త్రవేత్త యాపెటస్ స్టీన్‌స్ట్రప్‌కు 1854లో కృతజ్ఞతగా తన బార్నకిల్స్ 77 బహుమతిగా పంపాడు. డార్విన్ రాసిన జాబితా చేతికి దొరికాక అక్కడి మ్యూజియం వాళ్లు అరలు వెతికితే, 55 బయటపడ్డాయి.