చేపల చెరువుకు పరిశోధన చేరిన దారి

చెరువులో ఏపుగా పెరిగే చేప ఆ చెరువులోనే గుడ్డు పెట్టదన్న ఒక్క చిక్కు భారతదేశంలో చేపల సాగును చాలాకాలం కట్టిపడేసింది. బొచ్చె, శీలావతి, యర్రమోసు వంటి కార్ప్ జాతి చేపలకు నిలకడ నీటిలోనూ కడుపులో గుడ్లు తయారవుతాయి గాని, వానాకాలపు వరద నదిలో తెచ్చే మార్పులను చేప గ్రహించి, దాని మెదడు కింద ఉండే పీయూష గ్రంథి తగిన హార్మోనును విడుదల చేస్తే తప్ప అవి బయటికి రావు. అందువల్ల రైతులు వరద రోజుల్లో నదుల్లో వలలు పన్ని పట్టిన పిల్లల మీదే ఆధారపడేవారు. ఆ పిల్లల్లో ఏ జాతి ఎంత ఉందో తెలిసేది కాదు. తోటి పిల్లలను తినేసే జాతులు కూడా వాటితోపాటు చెరువులోకి వచ్చేవి.

పీయూష గ్రంథి సారాన్ని చేపకు సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించే ప్రయోగాలు 1930ల దశకంలోనే బ్రెజిల్‌లో ఫలించాయి. మన కార్ప్ చేపల విషయంలో ఆ విజయం 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరుల చేతుల మీదుగా దక్కింది. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇక్కడ వ్యవసాయానికీ చేపల సాగుకూ ఉన్న ఒక తేడాను గమనించాలి. 1966లో విడుదలైన, అధిక దిగుబడినిచ్చే ఐఆర్ 8 వరి వంటి రకాల్లో పరిశోధన ఫలితం చాలావరకు గింజలోనే ఇమిడి ఉంది. ఎరువు, నీరు సమకూర్చుకోగలిగిన రైతుకు విత్తనపు బస్తాతోపాటే అదీ చేరింది. చేపపిల్లల ఉత్పత్తి అలాంటిది కాదు. ఈడొచ్చిన చేప నుంచి గ్రంథిని తీసి ఆల్కహాలులో నిల్వ చేయడం, ఆడచేపకు మొదట తక్కువ మోతాదు, కొన్ని గంటల తరువాత ఎక్కువ మోతాదు ఇవ్వడం, నీటి వేడిమిని కనిపెట్టి ఉండడం, ఇదంతా చేతి పని. చదివి తెలుసుకునే దానికన్నా పక్కన నిలబడి చూసి నేర్చుకునేదే ఎక్కువ. 1980ల చివర కృత్రిమ హార్మోన్లతో కూడిన విధానం రూపుదిద్దుకుని, సిద్ధంగా దొరికే మందు ఒక్క మోతాదుతో సరిపోయే రోజులు వచ్చాకే ఆ భారం తగ్గింది.

పిల్లల కొరత తీరుతుండగా, ఏ జాతులను ఎంత నిష్పత్తిలో కలిపి పెంచాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 1971లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మూడు దేశీయ కార్ప్‌లకు వెండి చేప, గడ్డి చేప, బంగారుతీగలను జోడించి, నీటి పైపొరలో, మధ్యలో, అడుగున దొరికే మేత దేన్నీ వృథా పోనివ్వని మిశ్రమ సాగును చాలా రాష్ట్రాల్లో పరీక్షించింది. ఎంపిక పద్ధతిలో మేలుజాతిని తయారు చేసే పని మాత్రం ఆలస్యంగా మొదలైంది. నార్వే శాస్త్రవేత్తల సహకారంతో భువనేశ్వర్‌లో రూపొందిన జయంతి శీలావతి విడుదలైంది 1997లో.

సమాచార సాంకేతికత ప్రవేశించిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే. 1998లో పుదుచ్చేరి ప్రాంతంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ నెలకొల్పిన గ్రామ సమాచార కేంద్రాల ద్వారా వీరంపట్టినం మత్స్యకారులు అలల ఎత్తు అంచనాలను వేటకు వెళ్లేముందే మైకులో వినగలిగారు. 1997, 2001 సంవత్సరాల మధ్య ఉత్తర కేరళ తీరానికి మొబైల్ ఫోన్లు వచ్చినప్పుడు జరిగిన మార్పును ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ లెక్కగట్టారు. ఫోన్లకు ముందు పట్టుబడిలో 5 నుంచి 8 శాతం కొనేవారు లేక పారేసేవారు. పడవలో నుంచే ఏ రేవులో గిరాకీ ఉందో అడిగి తెలుసుకోగలిగాక ఆ వృథా దాదాపు మాయమైంది. పడవను ఇంకో రేవుకు మళ్లించే వీలు వారికి ఉంది గనుకనే ఆ సమాచారానికి విలువ వచ్చిందన్నది మరువరాదు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్లు ఫోను సలహాను దేశంలోని రైతులందరికీ అందుబాటులోకి తెచ్చాయి.

ఇప్పుడు చెరువులో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరాల వంతు వచ్చింది. పగలు ఆక్సిజన్‌ను ఇచ్చే నాచు, రాత్రి అదే ఆక్సిజన్‌ను వాడుకోవడంతో తెల్లవారుజామున అది అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరిచినప్పుడు గాని రైతుకు తెలియని ఈ ప్రమాదాన్ని సెన్సర్ ముందే పసిగట్టి ఫోనుకు కబురు పంపుతుంది. అయితే ఆ వేళకు గట్టు మీద నీటిలోకి గాలిని కలిపే ఏరేటరూ, దాన్ని తిప్పే కరెంటూ రెండూ ఉండాలి.