సముద్రంలో జీవుల రకాలను ఏ నెలలో లెక్కపెట్టాలి?

భూమధ్యరేఖ దగ్గర చెట్లు, పక్షులు, పురుగుల్లో ఎన్నో రకాలు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అవి తగ్గిపోతాయి. రెండు వందల ఏళ్ల కిందటే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ ఈ సంగతి రాశాడు. మరి సముద్రంలో? ఒక్క మిల్లీలీటరు ఉప్పునీటిలోనే పది లక్షల దాకా బ్యాక్టీరియా ఉంటాయి. ప్రవాహం ఎటు తోస్తే అటు పోయే ఈ జీవులకు అక్షాంశంతో పనేముంటుందని అనిపిస్తుంది.

పనుందనే తేల్చింది టారా. 36 మీటర్ల ఈ ఫ్రెంచి తెరచాప ఓడ 2009 నుంచి 2013 దాకా సముద్రాలు తిరిగి నీళ్లు పట్టుకొచ్చింది. ఈ జీవుల్లో చాలావాటికి ల్యాబ్‌లో పెట్టే తిండి సయించదు, పెంచి లెక్కపెడదామంటే కుదరదు. అందుకే నీటిని వడకట్టి, ఫిల్టరు మీద మిగిలినదాని డీఎన్ఏ చదివారు. 2015లో ప్రకటించిన ఫలితాల్లో జన్యువులే 4 కోట్లు! పైపొర నీళ్లలో ఎవరుంటారన్నది అది ఏ సముద్రమన్న దానికన్నా ఎంత వెచ్చగా ఉందన్న దాన్ని బట్టే ఉంది. ప్రోక్లోరోకాకస్‌నే చూడండి. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని ఈ జీవి కిరణజన్య సంయోగక్రియ చేసేవాటిలో సంఖ్యాపరంగా మొదటిది. కానీ రెండువైపులా దాదాపు 40 డిగ్రీల అక్షాంశం దాటితే పెద్దగా కనబడదు.

2019లో టారా నమూనాలనే మళ్లీ పరిశీలిస్తే, ప్లవకాల్లో, అంటే నీటితో పాటు కొట్టుకుపోయే జీవుల్లో, చాలా గుంపులకు ధ్రువాల వైపు రకాలు తగ్గుతున్నట్టు తేలింది. అడవి సూత్రమే ఇక్కడా అనుకుని ఊరుకోవచ్చు. కానీ అదే ఏడాది వైరస్‌లు మాట వినలేదు. ఆర్కిటిక్‌లో వాటి వైవిధ్యం అనుకోనంత ఎక్కువగా కనిపించింది.

నాకు దీనికన్నా ఆసక్తిగా అనిపించేది ఇంగ్లండ్‌లోని ప్లిమత్ దగ్గరి కథ. అక్కడ తీరానికి కాస్త దూరంలో ఎల్4 అనే చోట ఆరేళ్లపాటు నీళ్లు తీసి చూశారు. ఓడ కదల్లేదు, అక్షాంశం మారలేదు. బ్యాక్టీరియా రకాల సంఖ్య మాత్రం ఏటా ఊగుతూనే ఉంది. ఎక్కువగా ఉన్నదెప్పుడు? పగలు బాగా కురచగా ఉండే డిసెంబరు చివర్లో! వెచ్చదనమే అన్నిటికీ మూలమైతే ఇది తలకిందులుగా ఉండాలి.

చెరువులో గుర్రపుడెక్క పడితే ఏమవుతుందో మనకు తెలుసు. వసంతంలో ఎండ రాగానే సముద్రంలోనూ కొన్ని నాచురకాలు, వాటిని ఆశ్రయించిన బ్యాక్టీరియా అలాగే విజృంభిస్తాయి. మిగతావి వాటి మాటున పడిపోతాయి. చలికాలంలో ఎవరి పెత్తనమూ సాగదు. పైగా తుఫాన్లు నీటిని కిందామీదా కలిపేస్తాయి. 2013లో వచ్చిన ఒక కంప్యూటర్ అంచనా ఇంకో అడుగు ముందుకేసింది. ఏ అర్ధగోళంలో చలికాలమైతే, ఆ అర్ధగోళంలో ధ్రువం వైపు అక్షాంశాల్లోనే బ్యాక్టీరియా రకాలు గరిష్ఠంగా ఉంటాయని చెప్పింది.

ఇక్కడే నాకో అనుమానం. ధ్రువాల వైపు ఓడలు ఎక్కువగా వెళ్లేది వేసవిలో, మంచు కాస్త దారిచ్చినప్పుడు. అంటే అక్కడ వైవిధ్యం తక్కువని చెప్పే పటాలు చాలావరకు వేసవి పటాలే. చలికాలపు నీళ్లు కావాలంటే మంచులో ఇరుక్కుని కూర్చోవాలి. పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ ఓడ ఆ పనే చేసింది. 2019 అక్టోబరులో ఆర్కిటిక్ మంచుకు తనను తాను కట్టేసుకుంది. నెలల తరబడి సూర్యుడు కనిపించని ఆ చీకట్లో, మంచుకు కన్నాలు చేసి నీళ్లు తోడారు.